రెండోసారి వచ్చి చూసిన డాక్టరమ్మకు

మా తమ్ముడిని నిన్న ఐసీయూ నుంచి వార్డుకు మార్చారు. కళ్ళు మూతలు పడుతున్నా ఈ నాలుగు మాటలు రాయకుండా పడుకోలేను.

చౌటుప్పల్ దాటాక బైకు పడిపోయి హ్యాండిల్ పొట్టలో గుచ్చుకుంది. పైకి కమిలిన మచ్చ తప్ప ఏమీ లేదు. మొదట వెళ్ళిన ఆసుపత్రిలో మోకాలికి కట్టు కట్టి, ఎముకలు విరగలేదు, ఇంటికి వెళ్ళమన్నారు. స్కానింగ్ గదికి తాళం, ఉదయం రమ్మన్నారు. కడుపులో బిడ్డ లింగ నిర్ధారణను ఆపడానికి 1994లో వచ్చిన చట్టం కింద ప్రతి అల్ట్రాసౌండ్ స్కానింగ్ యంత్రాన్నీ నమోదు చేయాలి. ఆడపిల్లను కన్న తల్లిగా ఆ చట్టం ఉండాల్సిందే అంటాను. కానీ అర్ధరాత్రి ప్రమాదంలో వచ్చినవాళ్ళకు నమోదైన యంత్రం ఒకటి మంచం పక్కకు రాకపోతే ఎలా?

రెండో ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ డాక్టరమ్మ చిన్న స్కానింగ్ యంత్రాన్ని తోసుకుంటూ వచ్చారు. పక్కటెముకల కింద కుడివైపు, ఎడమవైపు, గుండె దగ్గర, పొత్తికడుపు మీద చూశారు. ఏమీ కనిపించలేదు. బీపీ బాగానే ఉంది. ఆవిడ మాత్రం తృప్తిపడలేదు. నాడి వేగంగా ఉంది, దెబ్బ తగలని ఎడమ భుజం నొప్పి అంటున్నాడు. పొట్టలో ఎడమవైపు పక్కటెముకల కింద ఉండే ప్లీహం చిట్లితే ఒక్కోసారి నొప్పి అక్కడ తెలుస్తుందట. "ఇప్పుడు కనిపించలేదంటే రక్తం కారడం లేదని కాదక్కా, మళ్ళీ చూస్తాను" అన్నారు.

ఎవరూ పిలవకుండానే కాసేపటికి మళ్ళీ వచ్చారు. ఈసారి కాలేయానికీ కుడి మూత్రపిండానికీ మధ్య నల్లటి సన్నని చార. వెల్లకిలా పడుకున్న మనిషి పొట్టలో రక్తం, నీరు పల్లానికి చేరినట్టు, అక్కడికి చేరుతుందట. అప్పటికే బీపీ పడిపోతోంది. సర్జన్ గారికి ఫోను చేస్తూనే, అంత తొందరలోనూ వాడి పొట్టకు అంటిన జెల్‌ను దూదితో తుడిచి, చొక్కా కిందికి లాగి, దుప్పటి కప్పారు. అది చూసి నాకు ఏడుపు ఆగలేదు. అమ్మా, మీరు పేరు రాయవద్దన్నారు, రాయడం లేదు. నా తమ్ముడు బతికాడంటే మీ వల్లే.

ఆపరేషన్ చేసి ప్లీహం తీసేసిన సర్జన్ గారికి, మత్తు డాక్టరు గారికి దండాలు. అమ్మ, మావారు, మరదలు, వీళ్ళ గురించి వేరే చెప్పాలా?

అయ్యో, 108 సిబ్బందిని మరిచాను. దారి పొడవునా వాడిని మాటల్లో పెట్టింది వాళ్ళే. రక్తం ఇచ్చిన కాలేజీ పిల్లలు, నా ఫోనుకు చార్జర్ ఇచ్చిన వాచ్‌మన్ గారు, పక్క మంచం పెద్దమ్మ, మీ అందరికీ కూడా.