కిన్ ఖావ్ రూ యంగ్?

నరసరావుపేట,
ఆదివారం

చిన్నీ,

ఇక్కడ అందరం బాగున్నాం. నాయనమ్మ మోకాళ్ళు ఎప్పట్లాగే. పెరట్లో కరివేపాకు మళ్ళీ చిగురేసింది. నువ్వు ఫోన్ చేసి 19 రోజులైందని నేనేమీ లెక్కపెట్టుకు కూర్చోలేదు. కేలెండరు ఎదురుగా ఉంటుంది కాబట్టి కంటపడింది, అంతే.

పిన్ని వాళ్ళ ఆడపడుచు కొడుకు థాయ్‌లాండ్‌లో మీ క్యాంపస్‌లోనే ఉన్నాడు కదా. వాడు వాళ్ళమ్మకి, ఆవిడ పిన్నికి, పిన్ని మీ అమ్మకి చెప్పగా నా దాకా వచ్చిందేమంటే, రోజూ రాత్రి కొట్లో వేడిచేసిచ్చే బ్రెడ్డో, ప్యాకెట్టు నూడుల్సో తెచ్చుకుని గదిలో ఒక్కదానివే తింటున్నావని. నిజమా కాదా అని నేనడగను. ఊరికే అక్కడి తిండి సంగతి, నేనున్నప్పుడు తెలుసుకున్నది, రెండు ముక్కలు రాద్దామనిపించింది.

తిండికి పహోన్యోతిన్ పెద్ద రోడ్డు మీద వద్దు. లోపలి సోయిల్లోకి, అంటే సందుల్లోకి, నడువు. షట్టరు ఎత్తిన ఒకే గది, ముందు గాజు బీరువా, అందులో పదో పన్నెండో స్టీలు ట్రేలు కనిపిస్తే అది ఖావ్ కేంగ్ కొట్టు, అంటే అన్నం-కూరల కొట్టు. వెనక బల్ల మీద పిల్లాడు హోంవర్కు చేసుకుంటుంటే ఇంటివాళ్ళే నడుపుతున్నారని అర్థం. పొద్దున్నే వండేసి అయిపోయేదాకా అమ్ముతారు. పదిన్నరలోపు వెళ్తే అన్నీ దొరుకుతాయి. మధ్యాహ్నం రెండు దాటాక మాత్రం కొబ్బరిపాల కూర జోలికి పోకు. ఆ ఎండకి కొబ్బరిపాలు పులుస్తాయి, పైన నూనె తేలి ఉంటుంది కాబట్టి కంటికి తెలియదు. మాట రాకపోతే ట్రే చూపించి "ఆవ్ అన్ నీ" అను, ఇది కావాలని. అన్నం మీద రెండు కూరలు వేయించుకుంటే 50, 60 బాట్‌లు. ఎక్కువ కావాలంటే "పిసేత్" అనాలి, మన "విశేష" అన్నమాటే అది. పది బాట్‌లు ఎక్కువైనా పిసేతే తీసుకో.

రాత్రిపూట తామ్ సంగ్ కొట్లు మేలు. చెప్పింది చెప్పినట్టు అప్పటికప్పుడు బాణలిలో వేయించి ఇస్తారు. ఉన్నది ఒకటే పొయ్యి. ముందు నలుగురుంటే పావుగంట పడుతుంది, వండే ఆమెని తొందరపెట్టకు. ఏ మాంసమో చెప్పకపోతే చాలాచోట్ల పంది కైమానే పడుతుంది. పందికి మూ, గొడ్డుకి నూఆ. కోడి అంటే కై, గుడ్డు అంటే ఖై. ఇంగ్లీషులో రాసుకుంటే రెండూ కలిసిపోతాయి, తెలుగులో రాసుకో. మనకి క, ఖ ఉన్నది ఎందుకు మరి? "పాట్ కప్రావ్ కై, ఖై దావ్" అంటే కోడి వేపుడు, పైన వేయించిన గుడ్డు. ఆ కప్రావ్ ఆకు ఏదో అనుకునేవు, అది మన తులసే. నాయనమ్మకి చెప్పకు.

శనివారాలు మానలేదు కదా? మాంసం వద్దంటే సరిపోదు. "మై సై నామ్ ప్లా" అంటే చేపల సాసు పొయ్యొద్దని. అలా చెప్పినా ట్రేలో కూర నీకు పనికిరాదు, ఎందుకంటే మసాలా ముద్ద నూరేటప్పుడే ఎండు రొయ్యల ముద్ద కలిపేస్తారు. దాన్ని కపి అంటారు, నవ్వకు. శనివారం పసుపు గుడ్డ మీద ఎర్ర అక్షరం ఉన్న "జే" కొట్టుకి వెళ్ళు. అక్కడ ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు, నాయనమ్మ మడి వంటకంటే గట్టి నియమం. "మాంగ్సవిరత్" అన్నారంటే మన మాంసవిరతే, గుడ్డు ఉండొచ్చు. ఏదీ దొరకని రోజు తామ్ సంగ్‌లో పాక్ బుంగ్ చేయించుకో. చెరువు గట్టున మనకి దొరికే తూటికూరే అది. "మై సై నామ్ మన్ హోయ్" అని కూడా చెప్పు, లేకపోతే ఆల్చిప్పల సాసు పడుతుంది.

సోమ్ తామ్, అంటే రోట్లో నలిపిన పచ్చి బొప్పాయి, దాని దగ్గర మీ బాబాయికి జరిగింది నీకు చెప్పానా? చెప్పినా మళ్ళీ విను. నేనక్కడున్నప్పుడు వచ్చాడు. గుంటూరు మిరపకాయ తిన్నవాడిని, నన్నేం చేస్తుంది అని బయల్దేరాడు. కొట్లో ఆమె మట్టి రోట్లో వెల్లుల్లి, మిరపకాయలు ముందు వేసి రెండు పోట్లు పొడిచింది. తర్వాత తాటిబెల్లం, పొడుగు చిక్కుళ్ళు, టమాటా, నిమ్మరసం, నామ్ ప్లా. చివర్న పచ్చి బొప్పాయి తురుము. కుడిచేత్తో కర్ర రోకలి, ఎడంచేత్తో గరిటె. ఒకవైపు పొడుస్తూ ఒకవైపు తిరగేస్తూ ఉంటుంది, మెత్తగా నూరదు, నలుపుతుందంతే. ఎన్ని మిరపకాయలని అడిగితే వీడు దర్జాగా ఒక వేలు చూపించాడు. ఆమె ఒక్కటే వేసింది, అబద్ధమాడలేదు. అయితే ముందు చేసింది ఎవరికోసమో, పది మిరపకాయలతో. రోలు కడగలేదు. రెండో ముద్దకే వాడి చెవులు ఎర్రబడ్డాయి. చన్నీళ్ళు తాగాడు, ఇంకా మండింది. పక్కన పళ్ళెంలో పచ్చి క్యాబేజీ ముక్క, చిక్కుళ్ళు పెట్టింది చూశావా, అవి మంటకే, ఒక ముద్ద తింటే ఒక ముక్క కొరకాలి. వీడు అలంకారం అనుకుని పక్కకి నెట్టాడు. బుట్టలో జిగురన్నం వస్తే మూత తీసి అలాగే వదిలేశాడు, పైపొర ఎండి బిరుసెక్కింది. అప్పుడేం చేశాడంటే, దాని మీద సూపు పోసి చారన్నంలా కలిపాడు! ముద్ద వేళ్ళకి అంటుకుని వదల్లేదు. కొట్టు ముసలావిడ వచ్చి, వాడి చెయ్యి తడిగుడ్డతో తుడిచి, కొత్త బుట్ట తెచ్చి చూపించింది: చిటికెడు తియ్యాలి, వేళ్ళతో నొక్కి ఉండ చెయ్యాలి, అద్దుకుని తినాలి, వెంటనే మూత పెట్టాలి. వీడు పసివాడిలా చేశాడు. డబ్బులు మాత్రం ఒక బుట్టకే తీసుకుంది.

నువ్వు "ఒక్కటే" అని చెప్పాక రోలు వైపు కూడా ఒకసారి చూడు.

మిగతావి నీకు తెలిసే ఉంటాయి. అన్నానికి కుడిచేతిలో చెంచా, ఎడంచేతిలో ఫోర్కు నెట్టడానికి మాత్రమే, ఫోర్కు నోట్లో పెట్టుకోరు. నూడుల్స్ బల్ల మీద నాలుగు గిన్నెల స్టాండు ఉంటుంది: పంచదార, కారం, మిరపకాయల వెనిగర్, నామ్ ప్లా. ముందు పులుసు రుచి చూసి, అర చెంచా అర చెంచా వేసుకో. రంగ్‌సిత్ ఊళ్ళో పడవ నూడుల్స్ పేరున్నవే గానీ, ఆ పులుసు చిక్కదనం రక్తం వల్ల వస్తుంది, నీకు వద్దు. ఐసు మధ్యలో చిల్లున్న గొట్టం ముక్కలైతే ఫ్యాక్టరీది, ఫరవాలేదు. కొట్టిన దిమ్మ ముక్కలు వద్దు. పొద్దున్నే 1000 బాట్ నోటు ఇవ్వకు, పాపం చిల్లర కోసం పక్క కొట్టుకి పరిగెత్తాలి.

వండే ఆవిడని పేరుతో కాదు, వరసతో పిలువు. నాకంటే పెద్దదైతే పా, నీకంటే కాస్త పెద్దదైతే పీ. చివర మర్యాదకి ఖా చేర్చు. మనకి అక్కా, పెద్దమ్మా ఎలాగో అలాగే. మొదట్లో సిగ్గేస్తుంది. నాలుగు రోజులు ఒకే కొట్టుకి, ఒకే వేళకి వెళ్ళు. ఐదో రోజుకి నువ్వు చెప్పకముందే నీకు కావలసింది బాణలిలో వేస్తుంది. నువ్వు రాని రోజు ఎందుకు రాలేదని అడుగుతుంది. బ్రెడ్డు అమ్మే కొట్లో అడుగుతారా?

బ్రెడ్డు సంగతి మళ్ళీ ఎత్తాను. వదిలేస్తున్నా.

అక్కడ పలకరింపే "కిన్ ఖావ్ రూ యంగ్", అన్నం తిన్నావా అని. కొట్లో ఆమె అడిగినప్పుడు నువ్వేం చెప్పావో నాకూ చెప్పు. బుధవారం రాత్రి మన తొమ్మిదింటికి, అంటే మీకు పదిన్నర, ఫోన్ దగ్గరే ఉంటాను.

నాన్న

కందిపొడి, ఉసిరి పచ్చడి పంపుతున్నాను. పచ్చడి సీసాకి మూడు కవర్లు చుట్టింది మీ అమ్మ, కత్తెరతో కొయ్యి, పళ్ళతో లాగకు.