మంత్రిగారూ, మన సైంటిస్టుల ఉత్తరాలు పాత పేపర్ల బండికి పోతున్నాయి

కేంద్ర సాంస్కృతిక శాఖ మంత్రిగారికి,

నమస్కారం. జూనియర్ కాలేజీలో ముప్పై రెండేళ్లు కెమిస్ట్రీ చెప్పి రిటైరయిన లెక్చరర్ని. పాత పత్రాలు భద్రపరిచే నేషనల్ ఆర్కైవ్స్ మీ శాఖ కిందే ఉంది కాబట్టి, మన సైంటిస్టుల ఉత్తరాలు దాచిపెట్టించమని అడగడానికి ఈ ఉత్తరం మీకు రాస్తున్నాను. నేనడగబోయే దానికి కోట్లు అక్కర్లేదు. కానీ ఇంకో పదేళ్లు ఆగితే మాత్రం ఎన్ని కోట్లు పెట్టినా జరిగే పని కాదు.

ఇంటర్‌లో రుణవిద్యుదాత్మకత (బంధంలో ఎలక్ట్రాన్లను తన వైపు లాక్కునే గుణం) పాఠం వచ్చినప్పుడల్లా బోర్డు మీద పాలింగ్ స్కేలు వేసేవాణ్ని. ఫ్లోరిన్ 4.0, ఆక్సిజన్ 3.5. పిల్లలు ఆ అంకెలు బట్టీపట్టేవాళ్లు. ఆ పాలింగ్ ఎవరో చెప్పడానికి సిలబస్‌లో చోటు లేదు. నేను మాత్రం ఏటా ఒక పది నిమిషాలు పుస్తకం మూయించి చెప్పేవాణ్ని. మీరూ ఆ పది నిమిషాలు ఇవ్వండి.

అమెరికన్ సైంటిస్టు లైనస్ పాలింగ్‌కి 1954లో కెమిస్ట్రీలో నోబెల్ వచ్చింది. అదే ఏడాది మార్చి 1న అమెరికా పసిఫిక్ సముద్రంలోని బికినీ దీవుల్లో హైడ్రోజన్ బాంబు పేల్చింది. ఆ బూడిద దూరాన చేపలు పడుతున్న జపాన్ పడవ మీద పడి, అందులో వాళ్లంతా జబ్బుపడ్డారు. బాంబు పేలిన చోటే ప్రమాదం అనుకునే రోజులు పోయాయి. ధూళి పైకి లేచి, గాలితో దేశాలు దాటి, వానతో పాటు గడ్డి మీద పడుతుంది. ఆ గడ్డి ఆవు తింటుంది, ఆ పాలు పిల్లలు తాగుతారు. ధూళిలో ఉండే రేడియోధార్మిక స్ట్రాన్షియం-90 పీరియాడిక్ టేబుల్‌లో కాల్షియంకి సరిగ్గా కింద గడిలో ఉంటుంది. అందుకే ఒంట్లోకి వెళ్లాక కాల్షియం చేరే చోటికే, ఎముకల్లోకీ పళ్లలోకీ, చేరుతుంది. సగం తగ్గడానికే దాదాపు 29 ఏళ్లు పడుతుంది. గ్రూప్ 2 మూలకాల ధర్మాలు ఒకేలా ఉంటాయని మేం క్లాసులో చెప్పే మాటకు ఇంత భయంకరమైన ఉదాహరణ ఇంకోటి లేదు.

1957 మే 15న సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో పాలింగ్ మాట్లాడారు. ఆ ఊపులోనే అక్కడి సైంటిస్టులు బారీ కామనర్, ఎడ్వర్డ్ కాండన్‌లతో కూర్చుని, అణు పరీక్షలు ఆపాలని ఒక చిన్న విజ్ఞప్తి రాశారు. కాపీలు తీసి అమెరికా అంతటా సైంటిస్టులకు పోస్టు చేశారు. కొన్ని వారాల్లోనే దాదాపు రెండు వేల సంతకాలు వచ్చాయి. ఆ తర్వాత పాలింగ్, ఆయన భార్య ఆవా హెలెన్ కాలిఫోర్నియాలోని పసడీనాలో ఇంటి నుంచే వేరే దేశాల వాళ్లకు ఉత్తరాలు పంపడం మొదలుపెట్టారు. ఈమెయిల్ లేదు, జిరాక్స్ మెషిన్ ఇంకా ఆఫీసుల్లోకి రాలేదు. కవర్ మీద అడ్రసు రాయడం, స్టాంపు అంటించడం, వచ్చిన జవాబు విప్పి పేరు లిస్టులో చేర్చడం, అంతా చేత్తోనే. 1958 జనవరిలో ఆ లిస్టు ఐక్యరాజ్య సమితి ప్రధాన కార్యదర్శి డాగ్ హామర్‌షెల్డ్ చేతికి చేరేనాటికి 9,000 మందికి పైగా సైంటిస్టుల సంతకాలున్నాయి. తర్వాత అది 11,000 దాటింది.

ఆయన ఉద్యమం పేరు చెప్పి ల్యాబ్ మూసెయ్యలేదు. అదే బల్ల మీద ప్రోటీన్ల గురించి ఉత్తరం, పక్కనే టెక్స్ట్‌బుక్కు పని, దాని కింద ఉపన్యాసానికి రమ్మని పిలుపు, ఇంకో పక్క బాంబు పరీక్షల గురించి తిట్టిన ఉత్తరం. తిట్టినవాటినీ పారెయ్యకుండా దాచారు. ఉపాధ్యాయుడిగా నన్ను ఎక్కువ కదిలించింది ఈ టపానే. గొప్ప ఉపన్యాసం ఒక సాయంత్రం ఇచ్చెయ్యొచ్చు. పొద్దున్నే కూర్చుని ముక్కూ మొహం తెలియని వాళ్ల ఉత్తరాలకు జవాబులు రాయడం, అదీ ఏళ్ల తరబడి రాయడం, మామూలు ఓపికతో అయ్యే పని కాదు.

ఆ ఉత్తరాల మీద అధికారం కన్ను కూడా పడింది. 1960 జూన్‌లో అమెరికా సెనేట్ అంతర్గత భద్రతా ఉపసంఘం ఆయన్ని పిలిపించింది. సంతకం పెట్టినవాళ్ల పేర్లు ఐక్యరాజ్య సమితి దగ్గర ఎలాగూ ఉన్నాయి. వాళ్లకు కావలసింది వేరు. ఊరూరా, యూనివర్సిటీల్లో ఆ సంతకాలు సేకరించి పంపినవాళ్లెవరు? ఆ ఉత్తరాలు తెచ్చి ఇమ్మన్నారు. పాలింగ్ ఇవ్వనన్నారు. నన్ను నమ్మి సాయపడిన కుర్ర సైంటిస్టులు ఉద్యోగాలు పోగొట్టుకుంటారు, నా మనస్సాక్షి ఒప్పుకోదు అన్నారు. జైలుకు పంపుతారేమోనన్న టెన్షన్‌తో నెలలు గడిచాయి. అక్టోబర్ 11న మళ్లీ పిలిచారు. మళ్లీ అదే జవాబు. చివరికి ఆయన మీద చర్య తీసుకోలేదు. అప్పటికే 1952లో పాస్‌పోర్ట్ నిరాకరించారు, 1958లో తాను పనిచేసే కాల్‌టెక్ సంస్థలో డిపార్ట్‌మెంట్ అధిపతి పదవి వదులుకోవాల్సి వచ్చింది. అవన్నీ భరించిన మనిషి ఉత్తరాల దగ్గర మాత్రం గీత గీశాడు.

1963 అక్టోబర్ 10న పాక్షిక అణు పరీక్షల నిషేధ ఒప్పందం అమల్లోకి వచ్చింది. అదే రోజు ఆయనకు 1962 సంవత్సరపు నోబెల్ శాంతి బహుమతి ప్రకటించారు.

మంత్రిగారూ, ఆయన టపా అంతా ఏమైందో తెలుసా? 1986లో ఆయన చదువుకున్న ఆరెగాన్ స్టేట్ యూనివర్సిటీకే ఇచ్చేశారు. 5 లక్షలకు పైగా కాగితాలు, వస్తువులు. ఆ సేకరణ పేరులో ఆవా హెలెన్ పేరే ముందుంటుంది, తర్వాత లైనస్ పేరు. 1930 నుంచి 1969 దాకా ఏ తేదీన ఎవరికి రాశారో, ఎవరి నుంచి వచ్చిందో రోజువారీ పట్టిక వేసి పెట్టారు. సెనేట్ కమిటీ బెదిరించి తెప్పించుకోలేకపోయిన మనిషి కాగితాలను ఇవాళ గుంటూరులో కూర్చున్న నాలాంటివాడు కూడా చదవగలుగుతున్నాడు.

దాచుకోవడం వల్ల ఏం లాభం అని మీ ఆఫీసులో ఎవరైనా అడిగితే, సెయింట్ లూయిస్ పిల్లల పాలపళ్ల సంగతి చెప్పండి. మన ఇళ్లలో పిల్లలకు పన్ను ఊడితే పేడలో పెట్టి ఇంటి కప్పు మీదకి విసిరేయమంటాం. అక్కడ 1958 చివరి నుంచి తల్లులు ఊడిన పన్నును చిన్న కవర్లో పెట్టి, బిడ్డ ఎప్పుడు ఎక్కడ పుట్టిందో కార్డు మీద రాసి, పోస్టులో పంపారు. కామనర్, లూయిస్ రైస్ లాంటివాళ్లు ఉన్న సంఘం వాటిని పోగుచేసి స్ట్రాన్షియం-90 ఎంతుందో కొలిపించింది. పన్ను పంపిన బిడ్డకు ఒక బ్యాడ్జి వచ్చేది. దాదాపు 3 లక్షల పళ్లు పోగయ్యాయి. బాంబు పరీక్షలు పెరిగిన ఏళ్లలో పుట్టిన పిల్లల పళ్లలో స్ట్రాన్షియం పెరుగుతోందని తేలింది. 2001లో వాషింగ్టన్ యూనివర్సిటీకి చెందిన ఒక పాత మందుగుండు గోదాములో 85,000 పళ్లు అలాగే కవర్లలో, కార్డులతో సహా బయటపడ్డాయి. నలభై ఏళ్ల తర్వాత, ఆ పిల్లల ఆరోగ్యం ఎలా ఉందో చూడ్డానికి మళ్లీ పనికొచ్చాయి. కార్డులు పారేసి పళ్లే ఉంచి ఉంటే? ఎవరి పన్నో తెలియని పన్నుతో ఏం చేస్తాం!

ఇక మన సంగతి. అణు పరీక్షలు వెంటనే నిలిపెయ్యాలని 1954 ఏప్రిల్ 2న లోక్‌సభలో మొదటగా అడిగింది మన నెహ్రూ. అణు పేలుళ్ల ఫలితాల మీద భౌతిక శాస్త్రవేత్త డి.ఎస్. కొఠారి ఆధ్వర్యంలో మన సైంటిస్టులు తయారుచేసిన పుస్తకాన్ని 1956లో ప్రభుత్వమే ప్రచురించింది. ముందుమాట నెహ్రూదే. ప్రపంచ సైంటిస్టులు నిరాయుధీకరణ మీద తొలి సమావేశం ఢిల్లీలోనే పెట్టుకోవాలనుకున్నారు. సూయెజ్ కాలువ గొడవ రావడంతో అది కెనడాలోని పగ్వాష్ అనే పల్లెకు మారి 1957 జూలైలో జరిగింది. 1964లో పగ్వాష్ సమావేశం మన ఉదయ్‌పూర్‌లో జరిగింది. ఇవన్నీ ఉత్తరాలు లేకుండా జరిగేవా? ఆ పగ్వాష్‌కి మూలమైన, బ్రిటిష్ తత్వవేత్త బెర్ట్రాండ్ రసెల్ అణ్వాయుధాల ప్రమాదం మీద తయారుచేసిన రసెల్-ఐన్‌స్టీన్ ప్రకటన సంగతే చూడండి. ఐన్‌స్టీన్ చనిపోయారన్న వార్త రసెల్‌కి విమానంలో తెలిసింది. ఇక ఆ సంతకం రానట్టే అనుకుంటూ పారిస్‌లో దిగారు. హోటల్‌కి వెళితే, ఒప్పుకుంటున్నానని ఐన్‌స్టీన్ రాసిన ఉత్తరం ఆయన కోసం ఎదురుచూస్తోంది. ఆ కవరు దారిలో పోయి ఉంటే చరిత్ర ఇంకోలా ఉండేది.

నా బాధ ఎక్కడ మొదలైందో చెబుతాను. డిగ్రీలో నాకు ఫిజిక్స్ చెప్పిన మాస్టారు ఒకరుండేవారు. పేరు చెప్పను, ఆయన కుటుంబానికి ఇష్టం ఉండకపోవచ్చు. పెద్ద సైంటిస్టేం కాదు. కానీ ప్రతి ఆదివారం పొద్దున్నే ఉల్లిపొర కాగితాల మధ్య కార్బన్ పెట్టుకుని ఉత్తరాలు రాసేవారు. పత్రికలకు, పార్లమెంటు సభ్యులకు, వేరే ఊళ్లలో ఉన్న తోటి లెక్చరర్లకు. నకళ్లన్నీ గుండుసూదితో గుచ్చి, సంవత్సరం వారీగా ఒక ఆకుపచ్చ ట్రంకు పెట్టెలో పెట్టేవారు. "ఒరే, రాసిందానికి నకలు లేకపోతే మాట్లాడినట్టే లెక్క" అనేవారు నాతో.

ఆయన పోయాక ఆ పెట్టె తీసుకోమని ఒక కాలేజీ లైబ్రరీని అడిగాను. ఇలాంటివి తీసుకునే రూలు లేదన్నారు. ఇంకో ఆఫీసుకి రాస్తే జవాబు రాలేదు. నేను అటూ ఇటూ తిరుగుతుండగానే ఇల్లు అపార్ట్‌మెంటుకి ఇచ్చేశారు. సామాన్లు సర్దే హడావిడిలో పెట్టె ఇనుము కింద, కాగితాలు కాగితాల కింద తూకానికి వెళ్లిపోయాయి. వాళ్లను తప్పుపట్టను. నేనే ఒక ఆటో పిలుచుకుని పెట్టె మా ఇంటికి తెచ్చుకోవలసింది. నేను వెళ్లేసరికి వరండాలో చెప్పుల స్టాండ్ వెనక ఒక్క కాగితం పడి ఉంది.

1961 నవంబర్ నాటి నకలు. అక్టోబర్ 30న సోవియట్ యూనియన్ 50 మెగాటన్నుల బాంబు పేల్చిన కొద్ది రోజులకు రాసింది. తమ ప్రాంత ఎంపీ గారికి, ఇంగ్లీషులో రాసి, చివర నాలుగు లైన్లు తెలుగులో. మన జిల్లా పాలల్లో స్ట్రాన్షియం ఎంతుందో ఎవరైనా కొలుస్తున్నారా, కొలిస్తే ఆ అంకెలు కాలేజీలకు పంపండి, మా పిల్లల చేత గ్రాఫు గీయిస్తాను అని. సూది తుప్పు పట్టి పై మూలన గోధుమరంగు మరక పడింది. నీలి అక్షరాలు అక్కడక్కడా అలుక్కుపోయాయి. ఎంపీ గారు జవాబిచ్చారో లేదో ఆ పెట్టెలోనే ఉండి ఉంటుంది.

ఇలాంటి పెట్టెలు విశాఖలో, వరంగల్‌లో, హైదరాబాద్‌లో, దేశమంతటా రిటైరయిన ప్రొఫెసర్ల ఇళ్లలో అటకల మీద ఉంటాయి. 1950లలో పాతికేళ్లున్న వాళ్లకు ఇప్పుడు తొంభై దాటాయి.

1993 నాటి పబ్లిక్ రికార్డ్స్ చట్టంలోనే ప్రైవేటు వ్యక్తుల నుంచి చారిత్రక పత్రాలు తీసుకునే వీలుంది. కొత్త చట్టం అక్కర్లేదు. సైంటిస్టుల, సైన్సు టీచర్ల ఉత్తరాల కోసమని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఒక చిన్న విభాగం పెట్టించండి. ఫోన్ చేస్తే మనిషి వచ్చి పెట్టె తీసుకెళ్లి రసీదు ఇవ్వాలి. ఈ పని ఢిల్లీ దాకా పోనక్కర్లేదు, హైదరాబాద్ తార్నాకలో ఉన్న తెలంగాణ రాష్ట్ర ఆర్కైవ్స్ లాంటి చోట్లతో ఒప్పందం చేసుకోవచ్చు. ఇంగ్లీషు కాగితాలే ముఖ్యమనుకోకుండా తెలుగులో, తమిళంలో, బెంగాలీలో ఉన్నవాటిని చదవగలిగినవాళ్లను పెట్టండి. ముఖ్యంగా, ఇచ్చినవాళ్లు ఇన్నేళ్ల దాకా తెరవొద్దంటే ఆ మాట ప్రభుత్వం కూడా దాటకూడదు. పాలింగ్ ఎందుకు జైలుకైనా సిద్ధపడ్డాడో గుర్తుంచుకుంటే ఈ షరతు ఎందుకో మీకు తెలుస్తుంది. నమ్మకం లేని చోట ఎవరూ పెట్టె తెచ్చి పెట్టరు.

ఇంకొకటి. ఇవాళ్టి సైంటిస్టులకు ట్రంకు పెట్టెలు లేవు, ఈమెయిళ్లున్నాయి. రిటైరైతే సంస్థ ఆ ఖాతా మూసేస్తుంది. ముప్పై ఏళ్ల ఉత్తర ప్రత్యుత్తరాలు ఒక్క సాయంత్రం పోతాయి. ఖాతా మూసే ముందు, ఇష్టమైతే వాటిని ఆర్కైవ్స్‌కి ఇస్తారా అని ఒక్క ఫారం మీద అడగమని సంస్థలకు సర్క్యులర్ పంపించండి. శాస్త్ర సాంకేతిక శాఖ మంత్రిగారితో మాట్లాడితే అయిపోయే పని.

మాస్టారి కాగితం ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువాలో దాచాను. ఎండ తగలకుండా చూస్తున్నాను. దాన్ని ఎక్కడికి, ఎవరి పేరున పంపాలో చెప్పండి. స్పీడ్ పోస్టులో పంపిస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ కెమిస్ట్రీ లెక్చరర్,
గుంటూరు