వెడల్పు టైర్లు కొంటే సరిపోదు

సంపాదకులకు నమస్కారం. గత నెల తిరుమల నుంచి దిగుతుండగా మా కారు బ్రేకు పెడల్ మెత్తబడి దాదాపు అడుగుకు దిగిపోయింది. పక్కకు ఆపితే ముందు చక్రాల నుంచి ఒకటే మాడు వాసన! మర్నాడు ఒక దుకాణదారు పెద్ద బ్రేకు డిస్కులు (చక్రంతో పాటు తిరిగే పళ్లేలు) వేయించుకోమన్నాడు, 165 మి.మీ. వెడల్పు టైర్లు తీసి 185వి పెట్టించమన్నాడు. పెద్ద డిస్కు వేడిని ఎక్కువసేపు తట్టుకునే మాట నిజమే. టైరు సంగతి వేరు. గాలి ఒత్తిడి మారకపోతే నేలను తాకే వైశాల్యం పెద్దగా పెరగదు, దాని ఆకారమే మారుతుంది. పైగా నిలిచిన వాన నీటిలో వెడల్పు టైరు త్వరగా తేలుతుంది. మా మెకానిక్ మార్చింది బ్రేకు ఆయిల్ ఒక్కటే. నాలుగేళ్లుగా తేమ పీల్చి డికాషన్‌లా నల్లబడింది, ఆ తేమే వేడికి ఆవిరై పెడల్ మెత్తబడిందట. నేనూ ఇప్పుడు బ్రేకుపై భారం తగ్గేలా రెండో గేరులోనే దిగుతున్నాను. అలిపిరిలో సామాన్లు తనిఖీ చేసేటప్పుడే టైర్ల అరుగుదల కూడా చూడాలని నా మనవి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తిరుపతి