కార్యదర్శి వార్షిక నివేదిక: మధ్యలో ఆగిన జూన్ సమావేశం

మన వీధి సంఘం సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది సైడు కాలువ పూడిక రెండుసార్లు తీయించాం. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో పాడైన హాలు వైరింగు ఎట్టకేలకు పూర్తయింది. ఖర్చులు జతచేసిన లెక్కల్లో ఉన్నాయి. చెప్పాల్సిందల్లా జూన్ సర్వసభ్య సమావేశం గురించే.

మోటారు రిపేరు ఖర్చు చదువుతుండగా, సభ్యులు కాని నలుగురు లోపలికొచ్చి మైకు లాక్కున్నారు. సౌండుబాక్సు వైరు పీకేశారు. కోశాధికారి గారి చేతిలో రిజిస్టరు రెండు పేజీలు చిరిగింది. టీ ఫ్లాస్కు మూత తీయకముందే జనం లేచిపోయారు.

మర్నాడు స్టేషన్‌కు వెళ్లి, సభ చెడగొట్టారు, కేసు పెట్టమన్నాం. "కొట్టారా? చంపుతామన్నారా?" అని అడిగారు. లేదన్నాం. మన వీధి వకీలు గారు తర్వాత విడమర్చి చెప్పారు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో, మనలాంటి మామూలు సభను భగ్నం చేయడమనే నేరం విడిగా లేదు. పూజకో ప్రార్థనకో చేరినవాళ్లకు కావాలని ఆటంకం కలిగిస్తే మాత్రం 300వ సెక్షన్ ఉంది, ఏడాది దాకా జైలు. ఎన్నికల నోటిఫికేషన్ తర్వాత రాజకీయ సభలో గలాటా చేస్తే 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 127వ సెక్షన్ పెడతారు: ఆరు నెలల దాకా జైలు, లేదా 2,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. చవితి పందిట్లో పూజకున్న రక్షణ మన మోటారు లెక్కకు లేదన్నమాట!

బలవంతంగా మైకు లాక్కోవడం న్యాయ సంహిత 131వ సెక్షన్ కిందికి, రిజిస్టరు చించడం 324 కిందికి రావచ్చట. రెండింట్లోనూ మేజిస్ట్రేటు ఆదేశం లేనిదే పోలీసులు దర్యాప్తు చేయరు. ఐదుగురో అంతకు మించో కూడి దౌర్జన్యానికి దిగితే చట్టవిరుద్ధ సమూహం అవుతుంది. వచ్చింది నలుగురు. తెలిసే వచ్చారేమో!

కేసు వద్దని కార్యవర్గం తీర్మానించింది. దాచడమెందుకు, మోటారు బిల్లుకు రశీదు ఆ రోజు మా దగ్గర లేదు. సభ్యులు ఎంత గట్టిగా నిలదీసినా అది వాళ్ల హక్కే.

ఆగస్టులో మళ్లీ కూర్చున్నాం. రశీదు నకలు తెప్పించి గోడకు అంటించాం. గుమ్మం దగ్గర సభ్యత్వ చీటీ చూశాం, మైకు స్టాండుకు బిగించాం, వీడియో తీయించాం. రెండు గంటల్లో గంటన్నర వీధికుక్కల మీద చర్చే. మోటారు లెక్క పది నిమిషాల్లో ఆమోదం పొందింది. ఈసారి టీ చాల్లేదు.

కార్యదర్శి