కొండ ఊళ్ల మురుగంతా గెడ్డలోకేనా?

సంపాదకుల వారికి,

ఏజెన్సీ ఊళ్లకు జల్ జీవన్ మిషన్ కుళాయిలు వస్తున్నాయని తరచూ వార్తలు చూస్తున్నాం, సంతోషమే. వాడేశాక ఆ నీళ్లు ఎటు పోతున్నాయన్నది మాత్రం ఎవరికీ పట్టడం లేదు. మనిషికి రోజుకు 55 లీటర్లు ఇవ్వాలన్నది లక్ష్యం. అందులో మూడింట రెండు వంతుల దాకా స్నానాలు, గిన్నెలు, బట్టలు అయ్యాక మురుగుగా బయటికొస్తుంది. బిందెలతో మోసుకొచ్చే రోజుల్లో ఈ బెడద ఇంత లేదు, వాడిన కాసిని నీళ్లూ పెరట్లోనే ఇంకిపోయేవి.

పాడేరు వైపు మా ఊళ్లలో దీనికి చేస్తున్నదల్లా సిమెంటు సైడు కాలువ కట్టడం. అది ఊరి చివరిదాకా వెళ్లి అక్కడే ఆగిపోతుంది, లేదంటే నేరుగా గెడ్డలో, అంటే కొండవాగులో కలుస్తుంది. దిగువ ఊరివాళ్లు ఆ గెడ్డలోనే చెలమలు తీసుకుని తాగుతారు మరి! వానలు మొదలవగానే విరేచనాలు, మెడికల్ క్యాంపులు, బ్లీచింగ్ చల్లడాలు. కాలువైతే పక్కన శిలాఫలకం పెట్టుకోవచ్చు, ఇంకుడు గుంతకు ఆ వీలు లేదు, అందుకే కాలువలంటే అంత మోజేమో అనిపిస్తుంది నాకు.

హాస్టళ్ల సంగతి ఇంకా ఘోరం. 400 మంది పిల్లలు ఉండి, ఒక్కొక్కరు 40 లీటర్లే వాడారనుకున్నా రోజుకు 16 వేల లీటర్లు. నేను చూసిన ఒకచోట, పేరెందుకులెండి, సెప్టిక్ ట్యాంకు పొంగి, వంటగది నీళ్లతో కలిసి కిందికి పారుతోంది. ట్యాంకు తోడే లారీ ఆ ఘాట్ ఎక్కడమే కష్టం, ఎక్కి తోడినా ఆ మడ్డి ఎక్కడ పోస్తారు? పట్నాల్లో లాగా మోటార్లతో ప్లాంటు పెడదామంటే గాలివాన వస్తే కరెంటుండదు, రిపేరుకు మనిషి దొరకడు.

మాకు వాలు ఉంది, దాన్ని వాడుకోవాలి. హాస్టల్ మురుగును ముందు రెండు మూడు గదుల తొట్టెలోకి వదిలితే జిడ్డు పైకి తేలి, మడ్డి అడుగుకు దిగుతుంది, తర్వాత నీళ్లు కంకర పరిచిన మడిలోకి వెళ్తాయి. అందులో మెట్టతామర, జమ్ము లాంటివి నాటితే వేళ్లకీ రాళ్లకీ పట్టుకున్న సూక్ష్మజీవులు మురికిని తినేస్తాయి. నీళ్లు కంకర పైకి తేలకుండా లోపలే నడుస్తాయి కాబట్టి దోమ గుడ్లు పెట్టదు, మోటారు అక్కర్లేదు. కాకపోతే తొట్టె శుభ్రం చేయాలి, మొక్కలు కోయాలి, అంటే మనిషికి జీతం ఇవ్వాలి. బయటికొచ్చేది తాగే నీరు కాదు, అరటి చెట్లకు పెట్టుకోవచ్చు. మామూలు ఇళ్లకైతే ఇంత కూడా అక్కర్లేదు, ఇంకుడు గుంతో, పెరటి మడో చాలు. కాకపోతే పైన మట్టి పల్చగా, కింద పగుళ్ల రాయి ఉన్నచోట మరుగుదొడ్డి గుంతను ఊటకు ఎగువన తవ్వకూడదు, ఆ పగుళ్లలోంచే మురుగు ఊటలోకి దిగుతుంది.

స్వచ్ఛ భారత్ రెండో దశలో ఈ పనులకు 5 వేల లోపు జనాభా ఉన్న ఊళ్లకు తలకు 280 రూపాయల దాకా, పెద్ద ఊళ్లకు 660 దాకా పెట్టారు. 200 మంది ఉన్న మా లాంటి గూడేనికి లెక్కేస్తే 56 వేలు. సామాను మోయడానికే ఎక్కువయ్యే కొండ మీద తలకు తక్కువ ఇవ్వడం ఏం లెక్కో! ఏజెన్సీకి ఈ తలసరి లెక్క మార్చాలి, హాస్టళ్లకు విడిగా డబ్బివ్వాలి. కేంద్ర ఆర్థిక సంఘం గ్రాంట్లలో నీళ్లు, పారిశుధ్యానికి కేటాయించిన వాటానైనా పంచాయతీలు కాలువలకు కాకుండా వీటికి వాడాలి. ఊట ఎక్కడుందో, వానాకాలం నీరు ఎటు పారుతుందో ఊళ్లో ముసలివాళ్లకు తెలుసు. ఏజెన్సీలో గ్రామసభ మాటకు విలువిచ్చే పెసా చట్టం వచ్చింది 1996లో, ఇంజనీరు గారు అంచనా వేసే ముందు గ్రామసభలో వాళ్లను ఒక్కసారి అడిగితే బాగుంటుంది. ఇక నుంచి గెడ్డలో కలిసే ఏ కాలువకూ బిల్లు పాస్ చేయొద్దని జిల్లా అధికారులకు మీ పేపర్ ద్వారా నా మనవి.

ఒక పాఠకుడు,
పాడేరు మండలం, అల్లూరి సీతారామరాజు జిల్లా