కొండ మీది పసిపిల్లల టీకాల కోసం రామాలయం కమిటీ విజ్ఞప్తి

భక్తులకు, దాతలకు, ఈ కొండ మీద పుట్టి పెరిగి ఇప్పుడు ఊళ్లు పట్టుకుని వెళ్లిన మన పిల్లలకు రామాలయం కమిటీ నమస్కారాలు.

ఈ ఏడాది గోపురానికి రంగులు వేయించడం వాయిదా వేశాం. విజయవాడ చిట్టినగర్ వైపు కొండ మెట్ల మధ్యలో ఉన్న మన గుడి మండపాన్ని నెలకు రెండు శనివారాలు పసిపిల్లల టీకాలకు ఇవ్వాలని తీర్మానించాం. దానికే మీ సాయం అడుగుతున్నాం.

టీకాకు డబ్బెందుకని అడగవచ్చు. నిజమే, 1985లో మొదలైన సార్వత్రిక టీకాల కార్యక్రమం కింద సర్కారు అన్నీ ఉచితంగానే వేస్తోంది. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే, దేశంలో ఏడాది నిండి రెండేళ్లలోపు ఉన్న పిల్లల్లో టీకాలన్నీ పడినవాళ్లు నూటికి 76 మందే. 2015-16లో 62 ఉండేది కాబట్టి పెరిగినందుకు సంతోషమే. మిగిలినవాళ్ల తల్లిదండ్రులకు బిడ్డల మీద ప్రేమ లేదనుకోవడం మాత్రం పాపం.

మన మెట్ల మీదే చూడండి. చంకలో నెలల బిడ్డ, చేయి పట్టుకుని మూడేళ్ల పెద్దది. కొన్నిచోట్ల పట్టుకోవడానికి రెయిలింగ్ కూడా లేదు. అలా దిగి, లైన్లో నిలబడి, మళ్లీ ఎక్కేసరికి ఇళ్లల్లో పనిచేసే తల్లికి ఒక పూట డబ్బు పోతుంది. ఆరో వారం పెంటావాలెంట్ (ఐదు జబ్బులకు కలిపి వేసే టీకా) వేయిస్తే ఆ రాత్రి ఒళ్లు కాలుతుంది, తొడ వాస్తుంది, ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. "బాగున్న పిల్లాడికి లేనిపోని జ్వరం తెచ్చారు, ఇక చాలు" అంటుంది నాయనమ్మ. పదో వారం, పద్నాలుగో వారం డోసులు అక్కడితో ఆగిపోతాయి. ఆ జ్వరం ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుందని, ఏ మందు ఎంత వేయాలో నర్సమ్మ చెబుతుందని ముందే కూర్చోబెట్టి చెబితే ఆ నాయనమ్మే బిడ్డను ఎత్తుకొస్తుంది.

ఇంకో సంగతి. మనలో మొదటి పురుడు పుట్టింట్లోనే కదా. మొదటి టీకాలు అక్కడ పడతాయి, తర్వాతివి ఇక్కడ పడాలి. రెండు చోట్లా లిస్టులో పేరు ఉండదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు ముంచెత్తినప్పుడు సింగ్ నగర్ వైపు ఎన్నో ఇళ్లలో సామానుతో పాటు కాగితాలూ కొట్టుకుపోయాయి. కార్డు లేదంటే తిడతారేమోనని వెళ్లడం మానేసిన తల్లులు ఉన్నారు. అమ్మా, కార్డు లేకపోయినా రండి. ఏ మతం వాళ్లయినా రండి. గుళ్లోకి రావడం ఇబ్బంది అనుకుంటే మండపానికి పక్క గేటు ఉంది.

తట్టు పోస్తే అమ్మవారు పోసిందని వేపమండలు కడతాం. మొక్కులు తీర్చుకోండి, తొమ్మిది నెలలు నిండగానే తట్టు-రుబెల్లా టీకా కూడా వేయించండి. మన అర్చకస్వామి కూడా ఇదే చెబుతున్నారు. తట్టు పాకకుండా ఉండాలంటే నూటికి 95 మంది పిల్లలకు రెండు డోసులూ పడాలి. తొమ్మిది నెలలు నిండని బిడ్డకు చుట్టుపక్కల పిల్లల టీకానే కాపు. పైగా ఒక్కో సీసాలో పలువురు పిల్లలకు సరిపడా ఉండే ఆ టీకా మందును కలిపాక నాలుగు గంటల్లోపే వాడాలి, మిగిలింది పారబోయాల్సిందే. పిల్లలంతా ఒకే పూట ఒకేచోట చేరితే వృథా తగ్గుతుంది.

టీకా వేశాక అరగంట అక్కడే కూర్చోవాలి. అందుకు బెంచీలు, ఫ్యాన్లు, మంచినీళ్లు కావాలి. గుడి దాకా మెట్లకు రెయిలింగ్ వేయించాలి. పని మానుకుని వచ్చిన తల్లులకు ఆ పూట అన్నప్రసాదం పెట్టాలన్నది మా గట్టి కోరిక.

రూ.116, రూ.516, రూ.1,116, ఎవరి శక్తి కొద్దీ వారు ఇవ్వండి. మీ పిల్లల పుట్టినరోజు పేరిట ఒక శనివారం ఖర్చంతా పెట్టుకుంటామన్నా సంతోషం. ఆ ఉదయం మీ గోత్రనామాలతో అర్చన చేయిస్తాం. డబ్బు ఇవ్వలేని కుర్రాళ్లు శనివారం పొద్దున్నే వచ్చి తల్లులకు మెట్లెక్కడంలో తోడుగా ఉంటే చాలు.

విరాళాలు సాయంత్రం 6 నుంచి 8 వరకు గుడి ఆఫీసులో తీసుకుంటాం. లెక్కలు ప్రతి నెలాఖరున నోటీసు బోర్డులో పెడతాం. రసీదు ఇవ్వకుండా కమిటీ పేరు చెప్పి అడిగేవాళ్లకు డబ్బు ఇవ్వకండి.