అణు విమాన వాహక నౌకల స్పేర్ పార్టుల సంగతి ఎవరూ అడగరేం?

సంపాదకుడికి నమస్కారం.

అణుశక్తితో నడిచే విమాన వాహక నౌకల మీద ఎప్పుడు వార్త వచ్చినా అదే వరస: లక్ష టన్నులు, డెబ్భై ఎనభై విమానాలు, ఇరవై ఏళ్లకు పైగా ఇంధనం నింపక్కర్లేదు. అమెరికా నౌకల వరకు నిజమే, కాదనను. కానీ ఇంధనం అక్కర్లేదంటే ఇక దేనికీ కొదవ లేదన్నట్టు రాస్తున్నారు, నా బాధంతా అక్కడే. నౌకను నడిపే అణు రియాక్టర్లు ఎంత బాగున్నా ఒక ముఖ్యమైన విడిభాగం దొరక్కపోతే ఆ నౌక రేవు దాటదు.

ఫ్రాన్స్ సంగతే చూడండి. వాళ్లకున్న ఒకే ఒక్క అణు వాహక నౌక షార్ల్ ద గాల్. 2000 నవంబరులో, ఇంకా ట్రయల్స్‌లో ఉండగానే, అట్లాంటిక్‌లో దాని ప్రొపెల్లర్ రెక్క విరిగిపోయింది. స్పేర్ ఉంది కదా బిగిద్దామంటే, పోతలోనే లోపం ఉందని, అదే లోపం స్పేర్ వాటిలోనూ ఉందని తేలింది. పోతపోసిన కంపెనీ అప్పటికే దివాలా తీసింది, వాటి కాగితాలు అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. చివరికి పాత నౌకలు క్లెమాన్సో, ఫోష్‌ల కోసం ఉంచిన ప్రొపెల్లర్లు తెచ్చి బిగించి 2001 మేలో నౌకాదళంలో చేర్చుకున్నారు. రెండు రియాక్టర్లున్న, 27 నాట్ల (గంటకు సుమారు 50 కిలోమీటర్ల) వేగం అందుకోవాల్సిన నౌక 2007-08 ఓవర్‌హాల్‌లో కొత్త ప్రొపెల్లర్లు వచ్చేదాకా 24, 25 నాట్ల దగ్గరే ఆగిపోయింది. లోపం రియాక్టర్‌లో కాదు, పోత లోహంలో!

ఒకే నమూనాలో ఒక్క నౌకే కట్టుకుంటే ఇబ్బంది మరీ ఎక్కువ. అమెరికా వాహక నౌక ఎంటర్‌ప్రైజ్‌కు ఎనిమిది రియాక్టర్లు, దాని తరగతిలో ఇంకో నౌక లేదు. 1961 నుంచి 2012 దాకా తిరిగిన ఆ నౌకకు చివరి రోజుల్లో కావాల్సిన భాగాలు బజార్లో ఎవరూ తయారు చేయక విడిగా చేయించుకోవాల్సి వచ్చింది.

కొత్తవాటికి ఈ బాధ తప్పిందనుకుంటే పొరపాటే. సుమారు 1300 కోట్ల డాలర్ల అమెరికా నౌక జెరాల్డ్ ఫోర్డ్‌ను 2017లో సేవలోకి తెచ్చారు. ఆ తర్వాత దాన్ని నడపడానికి అప్పటికింకా కడుతున్న జాన్ ఎఫ్ కెనడీ నౌక నుంచి భాగాలు ఊడదీయాల్సి వచ్చింది. అమెరికా కాంగ్రెస్ తరఫున లెక్కలు చూసే జీఏఓ 2020లో ఇచ్చిన రిపోర్టులో ఇంకో సంగతి ఉంది. ఫోర్డ్ టాయిలెట్ పైపులు పూడుకుపోతుంటే యాసిడ్‌తో కడగాలట, కడిగిన ప్రతిసారీ 4 లక్షల డాలర్లు. నౌక కొనేటప్పుడే రేపు దాన్ని నిలబెట్టుకునే ఖర్చు చూడకపోతే ఇలాగే ఉంటుంది.

ఇక నడివయసు మరమ్మతు. అమెరికా నౌకకు సుమారు పాతికేళ్లు రాగానే దాన్ని డ్రై డాక్‌లో (నీళ్లు తోడేసిన రేవులో) పెట్టి, రియాక్టర్లలో ఇంధనం మార్చి, మిగతా యంత్రాలన్నీ విప్పి చూస్తారు. అమెరికాలో ఈ పని చేసే షిప్‌యార్డు ఒక్కటే, వర్జీనియాలోని న్యూపోర్ట్ న్యూస్. నాలుగేళ్లలో అయిపోవాల్సిన జార్జ్ వాషింగ్టన్ నౌక పని 2017 నుంచి 2023 దాకా సాగింది. జాన్ స్టెనిస్ నౌకను విప్పి చూస్తే కరెంటు పుట్టించే ఆవిరి టర్బైన్ జనరేటర్లు దెబ్బతిని ఉన్నాయి, 2025లో ముగియాల్సింది 2026కి జరిగింది. ఆలస్యానికి విడిభాగాలొక్కటే కారణమనను, మనుషుల కొరత ఉంది, కోవిడ్ కూడా దెబ్బకొట్టింది. కానీ ఇలాంటి భాగం పాడైతే షాపుకెళ్లి కొనుక్కొచ్చేది కాదు కదా, ఆర్డరిచ్చి నెలలు, ఒక్కోసారి ఏళ్లు కాచుకోవాలి. అన్నాళ్లూ సముద్రం చూడాల్సిన కుర్రాళ్లు యార్డులోనే మగ్గిపోతారు.

అందుకే నా విన్నపం. ఏ దేశమైనా అణు వాహక నౌక కడతానని ప్రకటిస్తే ఎన్ని టన్నులని రాసి వదిలేయకండి. విడిభాగాలు నౌకతోపాటే కొంటున్నారా? డ్రాయింగులు ప్రభుత్వం చేతిలో ఉంటాయా, కంపెనీ దగ్గరే ఉంటాయా? ఆ కంపెనీ మూతపడితే రెండో తయారీదారు ఎవరు? ఫ్రాన్స్ 2038 కల్లా షార్ల్ ద గాల్ స్థానంలో ఇంకో అణు నౌక తెస్తానంటోంది, అదీ ఒక్కటే. దాని ప్రొపెల్లర్లు ఎవరు పోస్తున్నారో, స్పేర్ వాటిని ఎవరు పరీక్షిస్తున్నారో మీ విలేకరులు ఆ వార్తలోనే రాయాలి.

– ఒక పాఠకుడు